రెండు స్టార్లు, రెండోది ఆ సిస్టర్‌కే

విశాఖలో పేరున్న ప్రైవేట్ ఆసుపత్రే. ఏ ఆసుపత్రో పేరు రాయను, నేను తీసుకెళ్లిన అమ్మాయిని ఎవరూ గుర్తుపట్టకూడదు.

తన మీద అత్యాచారం జరిగిందని నాతో చెప్పేసరికే 14 గంటలు దాటిపోయాయి. గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత ముందు వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది, అందుకే మద్దిలపాలెం జంక్షన్లో ఆటో ఆగితే నాకు ఒకటే టెన్షన్.

రిసెప్షన్లో మొదటి మాట, "ఎమ్మెల్సీ కేసు కదండీ, ముందు స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చి రండి." ఎమ్మెల్సీ అంటే మెడికో లీగల్ కేసు, పోలీసులకు చెప్పాల్సిన కేసు అని. రూలేమో దీనికి పూర్తిగా తిరగేసి ఉంది. ప్రైవేట్ ఆసుపత్రైనా సరే వెంటనే డబ్బు తీసుకోకుండా వైద్యం చేయాలి, పోలీసులకు కబురు పెట్టాల్సింది కూడా వాళ్లే. 2013 నుంచీ ఉన్నదే, ఇప్పుడు పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 397వ సెక్షన్. ఫోన్లో తీసి చూపిస్తే గానీ డ్యూటీ డాక్టర్ని పిలవలేదు.

ఆయన మర్యాదగానే మాట్లాడాడు, కాకపోతే "అబార్షన్ టాబ్లెట్‌కి గైనిక్ మేడం రావాలి, ఆరింటికొస్తారు" అన్నాడు. అబార్షన్ ఏంటి బాబూ! మేమడిగిన ఎమర్జెన్సీ మాత్ర అండం విడుదల కాకుండా ఆపుతుంది, లేదా ఆలస్యం చేస్తుంది, అంతే, అప్పటికే నిలిచిన గర్భాన్ని ఏమీ చేయలేదు. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే మాత్ర. అయితే షాపులోనే కొనుక్కోవచ్చుగా అంటారేమో, చివరికి కింద ఫార్మసీలో చేసిందదే, కానీ దెబ్బలు ఎవరు చూస్తారు, హెచ్ఐవీ సోకకుండా మూడు రోజుల్లోపే మొదలుపెట్టాల్సిన మందులు ఎవరిస్తారు, శాంపిల్స్ ఎవరు తీస్తారు?

క్యాజువాలిటీ సిస్టర్ మాత్రం ముందు కర్టెన్ లాగేసింది. "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా అమ్మా" అని తన బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి, రెండు గంటల్లోపు వాంతైతే మాత్ర ఇంకోటి వేసుకోవాలని రెండుసార్లు చెప్పింది. ఎలా జరిగిందని ఒక్క ముక్క అడగలేదు.

మిగతావన్నీ ప్రభుత్వాసుపత్రిలో చేయించాం. అక్కడ చాలాసేపే పట్టింది, అయినా కంప్లైంట్ కాగితం ఎవరూ అడగలేదు.

ఇక్కడ కన్సల్టేషన్ అని 600 తీసుకున్నారు. ఉచితంగా చూడాల్సింది కదా అని తర్వాత ఫోన్ చేస్తే, రిసీట్‌తో పాటు పేషెంట్ కూడా రావాలన్నారు. ఆ అమ్మాయికి ఈ మాట చెప్పనే లేదు.