తిరుపతి ఎఫ్ఎం: 92.7, 93.5, 103.2లో ఏది ఎందుకు వినాలి

తిరుపతిలో రేడియో పెడితే ప్రధానంగా మూడు స్టేషన్లు పలుకుతాయి. 92.7లో బిగ్ ఎఫ్ఎం, 93.5లో రెడ్ ఎఫ్ఎం, 103.2లో ఆకాశవాణి. మొదటి రెండింటిలో సరుకంతా సినిమా పాటే. పాటల కోసమే అయితే రెండింటిలో ఏది పెట్టినా ఒకటే, ప్రకటనలు మొదలైనప్పుడు రెండోదానికి మారడమే. ఊరి సంగతులు కావాలనుకుంటే మాత్రం కొంచెం చూసుకోవాలి.

93.5 మొదట్లో ఎస్ ఎఫ్ఎం, తర్వాత రెడ్ అయింది. పేరు మారడం పెద్ద విషయం కాదు. అసలు మార్పు ప్రైవేటు ఎఫ్ఎంలకు కేంద్రం పెట్టిన నిబంధనల్లో వచ్చింది. 2005 నాటి విధానంలో ఒకే కార్యక్రమాన్ని పలుచోట్ల వేసుకునే వీలు చిన్న ఊళ్లకు, అదీ ఒకే ప్రాంతంలో ఉంటేనే ఉండేది. 2011లో వచ్చిన మూడో దశ విధానం ఆ హద్దు తీసేసింది. కంపెనీ తన స్టేషన్లన్నిటిలో ఒకే కార్యక్రమం వేసుకోవచ్చు. ప్రకటనల రాబడి తక్కువుండే ఊళ్లో ఆర్జేను, ప్రొడ్యూసర్ను పెట్టుకోవడం కంటే పెద్ద నగరంలో రికార్డు చేసింది తెచ్చి వేయడం చౌక.

దీన్ని పట్టుకోవడం తేలిక. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఒక స్టేషనే వినండి. లీలామహల్ సర్కిల్, కరకంబాడి రోడ్డు, అలిపిరి, రేణిగుంట: ఈ పేర్లు ఆర్జే నోట ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. "సిటీలో ట్రాఫిక్ ఎక్కువగా ఉంది ఫ్రెండ్స్" అని ఊరుకుంటే, ఆ మాట ఏ ఊరికైనా సరిపోతుంది. అలాంటి గంటలో తిరుపతిది అనదగ్గది చీరల షాపు ప్రకటన ఒక్కటే!

ప్రైవేటు ఎఫ్ఎంలు సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు. నిజమే. కానీ ట్రాఫిక్, వాతావరణం, కరెంటు కోతలు, నీళ్ల సరఫరా, పరీక్షా ఫలితాలు, విపత్తుల వేళ అధికారులిచ్చే సమాచారం వార్తల కిందికి రావని అదే 2011 విధానం చెబుతోంది. 2021 నవంబరు వానల్లో ఊరు మునిగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెల జనం భయపడ్డారే, అలాంటప్పుడు రేడియో చెప్పాల్సినవి ఇవే. కాబట్టి అనుమతి లేదన్న సాకు చెల్లదు.

103.2 తీరు వేరు. భక్తిరంజని, రైతుల కార్యక్రమం, శాస్త్రీయ సంగీతం, వార్తలు. నడక నిదానం, మధ్యలో ఢిల్లీ, విజయవాడ రిలేలు వస్తాయి. పాట అడిగిన వెంటనే దొరకదు. అయినా ఇక్కడి మామిడి, వేరుశనగ రైతుకు పనికొచ్చే మాట దొరికేది ఈ నంబరులోనే. ఒక్కటే పెట్టుకోవాలంటే మా ఓటు దీనికే.

ఇక సిగ్నల్ సంగతి. చెన్నైలోనూ 92.7 బిగ్‌దే, 93.5 సూర్యన్‌ది. చెన్నై రోడ్డులో పుత్తూరు దాటి నగరి వైపు వెళ్తుంటే తెలుగు పాట మధ్యలో తమిళం దూరుతుంది. సెట్టు పాడవలేదు. ఒకే నంబరులో రెండు సిగ్నళ్లు వస్తే ఎఫ్ఎం రిసీవర్ బలమైనదాన్నే పట్టుకుంటుంది. రెండూ సమానంగా ఉన్నచోట ఇటూ అటూ ఊగుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో వచ్చే బుస వేరు: కొండ అడ్డొస్తుంది, రాళ్లకు తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ అసలుదానితో కలుస్తుంది. సెట్టులో స్టీరియో తీసేసి మోనో పెడితే బుస చాలావరకు తగ్గుతుంది.

కొట్లో, ఇంట్లో సరిగ్గా రాకపోతే కొత్త సెట్టు కొనొద్దు. డెబ్బై రెండు, డెబ్బై మూడు సెంటీమీటర్ల రాగి తీగ ముక్కలు రెండు తీసుకోండి. సెట్టు యాంటెన్నాకు ఒక కొస కలిపిన కేబుల్ టీవీ వైరు ముక్క తీసుకుని, రెండో కొసలో ఒకదాన్ని నడిమి తీగకు, రెండోదాన్ని పైనున్న తీగల అల్లికకు కలిపి, రెండింటినీ ఎదురెదురు దిక్కులకు సాగదీసి కిటికీ దగ్గర కట్టండి. మూడు స్టేషన్లకూ ఈ కొలత సరిపోతుంది. అడ్డంగా కట్టి ఒకసారి, నిలువుగా కట్టి ఒకసారి వినండి, ఏది బాగుంటే అదే ఉంచండి. సాధారణంగా చెడేది ఒకచోటే: అల్లికలోని వెంట్రుకంత పోగు నడిమి తీగకు తగిలితే సిగ్నల్ మొత్తం పోతుంది. ఇంకా గరగరమంటుంటే చౌక ఎల్ఈడీ బల్బును, ఫోను ఛార్జరును ఒక్కొక్కటిగా ఆపి చూడండి. కారులోనైతే మొదట అనుమానించాల్సింది డ్యాష్‌కామ్ ఛార్జరునే.

ఎఫ్ఎం ఉన్న ఫోన్లలో చాలావాటికి వైరు ఇయర్‌ఫోన్ తప్పనిసరి, వాటికి ఆ వైరే యాంటెన్నా. బ్లూటూత్‌లో వినాలన్నా వైరు గుచ్చే ఉంచాలి. ఎఫ్ఎం లేని ఫోన్లలో ఆకాశవాణిని న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వినొచ్చు. అందులో మాట రేడియో కంటే కాస్త ఆలస్యంగా వస్తుంది, క్రికెట్ కామెంటరీకి మాత్రం దాన్ని నమ్ముకోకండి. చిత్తూరులో సెట్టు కంటే ఈ యాప్ దారే మేలు: తిరుపతి సిగ్నల్ అక్కడికి నీరసంగా చేరుతుంది, మేడ మీద యాంటెన్నా కడితే తప్ప నిలవదు.