సానరాయి మీద రాసిన నంబర్‌ని నమ్మి కత్తి పెట్టకండి

వంటింటి కత్తులకు ఇంట్లోనే పదును పెట్టుకుందామని ఆన్‌లైన్‌లో సానరాయి వెతుకుతున్నవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. ఒకవైపు 400, ఇంకోవైపు 1000 అని రాసిన రాయి (ఆ నంబర్ పెరిగేకొద్దీ రాయిలోని రేణువులు సన్నగా ఉన్నాయని అర్థం), దాని కింద వెదురు పీట, కత్తిని సరైన కోణంలో నిలబెట్టే ప్లాస్టిక్ క్లిప్పు, రాయిని చదును చేయడానికి ఇంకో చిన్న రాయి... ఇవన్నీ ఒకే పెట్టెలో పెట్టి వెయ్యి రూపాయల లోపే అమ్ముతున్నారు. అలాంటి సెట్ ఒకటి నేను కొన్నాను. ఇంట్లో ఉన్న మంచి కత్తి దాని మీద పాడైంది. డబ్బు ఇంకా వెనక్కి రాలేదు.

ఇంటి ముందుకొచ్చే సానవాళ్లు ఉండగా రాయి ఎందుకని కొందరు అడుగుతారు. చేయి తిరిగినవాళ్లు దొరికితే వాళ్లకే ఇవ్వండి, నేను కాదనను. కానీ మోటారు చక్రం మీద నీళ్లు చల్లకుండా గట్టిగా అదిమితే పల్చటి అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే. ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. తడి రాయి మీద చేత్తో నూరితే ఆ భయం లేదు. అందుకే రాయి కొన్నాను.

మా కత్తి అంచుకి కొబ్బరి చిప్ప తగిలి చిన్న గంటు పడింది. గంటు తీయాలంటే గరుకు రాయే కావాలి. 200 నుంచి 400 దాకా నంబరున్న రాళ్లు అందుకే ఉన్నాయి. అవి లోహాన్ని త్వరగా అరగదీస్తాయి. ఆ పైన 1000 రాయి మీద నూరితే గరుకు రాయి చేసిన గీతలు పోయి, కూరగాయలు హాయిగా తెగే అంచు వస్తుంది. ఇంటి వాడకానికి చాలావరకు 1000 సరిపోతుంది.

ఈ సెట్‌లో 400 వైపు మొదటి నుంచే మెత్తగా ఉంది. కత్తి కదిపినప్పుడల్లా రాయే బురదలా కరిగిపోయింది తప్ప కత్తి అరగలేదు. గంటు పోకముందే రాయి మధ్యలో గుంట పడింది. ఇది చిన్న లోపం అనుకోవద్దు. గుంట పడిన రాయి మీద ఎంత అనుభవం ఉన్న చెయ్యయినా కోణాన్ని నిలపలేదు. కత్తి ముందుకెళ్లేటప్పుడు ఒక కోణం, వెనక్కొచ్చేటప్పుడు ఇంకో కోణం పడి అంచు గుండ్రంగా తయారవుతుంది. నూరే కొద్దీ కత్తి మొండిబారుతుంది.

సరే, చదును చేసే రాయి ఇచ్చారు కదా అని దాంతో సరిచేయబోయాను. సానరాయి మీద పెన్సిల్‌తో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి రుద్దితే ఎత్తుగా ఉన్నచోట గీతలు చెరిగిపోవాలి, పల్లంలో మిగలాలి. ఇక్కడ గీతలు ఏ పొంతనా లేకుండా చెరిగాయి. చూస్తే ఆ చిన్న రాయే వంకరగా ఉంది. స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే స్కేలు కిందనుంచి వెలుగు కనిపించింది.

అసలు నష్టం చేసింది మాత్రం 1000 వైపు. తెల్లగా, చూడటానికి నున్నగా ఉంది. కత్తి పెట్టి లాగితే మధ్యమధ్యలో గీరిన చప్పుడు. ఆపి, కడిగి, ఫోన్ కెమెరాలో దగ్గరగా చూస్తే సన్నటి గీతల మధ్య లోతైన గాట్లు కనిపించాయి, కొన్ని అంచుదాకా వెళ్లాయి. సన్న రేణువుల మధ్య పెద్ద రేణువులు కలిసిపోయాయన్నమాట. సాన పట్టేటప్పుడు ఇంతకంటే చెడ్డది లేదు. రేణువులన్నీ ముతకవైతే గీతలన్నీ ఒకేలా పడతాయి, తర్వాతి రాయితో పోతాయి. సన్నవాటిలో ఒక పెద్ద రేణువు ఉంటే దాని గాటు పోగొట్టడానికి చుట్టూ ఉన్న మంచి లోహాన్ని కూడా ఆ లోతుదాకా అరగదీయాలి. కత్తికి ఉన్న ఆయుష్షు అంతా అంచులో ఉన్న ఆ కాస్త లోహమే కాబట్టి నాకు ఇది చాలా బాధనిపించింది. దీనికి తోడు, పెట్టెలోని కాగితంలో చెప్పినట్టే నీళ్లలో నానబెడితే రెండు రాళ్లను అతికించిన జిగురు ఒక మూల ఊడింది.

ఇక నంబర్ల సంగతి. ఇది తెలిస్తే సగం మోసం నుంచి తప్పించుకోవచ్చు. 1000 అనే అంకె ఏ కొలత ప్రకారమో చెప్పకపోతే దానికి అర్థమే లేదు. జపాన్ ప్రమాణంలో 1000 అంటే రేణువు సగటున 11.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 400 అంటే సుమారు 30 మైక్రాన్లు. యూరప్ ప్రమాణాల్లో రాళ్లకీ చక్రాలకీ వాడే 'ఎఫ్' వరుసలో 1000 అంటే 4.5 మైక్రాన్లే. ఉప్పు కాగితాలకి వాడే 'పి' వరుసలో అదే 1000 అంటే 18.3 మైక్రాన్లు. ఒకే అంకె, నాలుగు రెట్ల తేడా. మంచి తయారీదారు ఏ ప్రమాణమో రాస్తాడు, రేణువు ఏ పదార్థమో కూడా రాస్తాడు: సిలికాన్ కార్బైడా, అల్యూమినియం ఆక్సైడా అని. నేను కొన్న పెట్టె మీద "ప్రీమియం", "ప్రొఫెషనల్" అని ఉంది. పదార్థం పేరు లేదు, ప్రమాణం పేరు లేదు, దిగుమతి చేసుకున్నవాళ్ల చిరునామా లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. ఈ చివరి రెండూ దిగుమతి సరుకు మీద తప్పనిసరిగా ఉండాలి. ఆర్డర్ పెట్టే పేజీలోనే తయారైన దేశం పేరు కనిపించాలి. అది లేకపోతే అక్కడే ఆగిపోండి.

నానబెట్టడం గురించి కూడా ఒక మాట. బుడగలు ఆగేదాకా పది పదిహేను నిమిషాలు నానాల్సిన రాళ్లు ఉన్నాయి. పైన నీళ్లు చిలకరిస్తే చాలు, నానబెడితే చెడిపోయే రాళ్లూ ఉన్నాయి. మెగ్నీషియా బంధకంతో (రేణువులను పట్టి ఉంచే పదార్థంతో) చేసినవి నీళ్లలో వదిలేస్తే మెత్తబడి, పగుళ్లిస్తాయి. మీరు కొనే రాయి ఏ రకమో అమ్మేవాడు చెప్పాలి.

ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఉంటే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. రాయి తడపకముందే రెండు వైపులా స్కేలు నిలబెట్టి చదును చూడండి. రెండు వైపులా గోటితో గీరి చూడండి, 400కీ 1000కీ తేడా స్పష్టంగా తెలియాలి. మా రాయికి ఆ తేడా చాలా తక్కువగా ఉంది. తర్వాత పాత స్టీలు గరిటె కాడను 1000 వైపు నాలుగుసార్లు రుద్ది గీతలన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఇదంతా రిటర్న్ గడువు లోపలే, వీడియో నడుస్తుండగానే చేయండి. మంచి కత్తి మాత్రం అప్పటిదాకా రాయి మీద పెట్టకండి.

వీడియో అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, నేను రిటర్న్ అడిగితే అమ్మినవాళ్లు "వాడిన వస్తువు వెనక్కి తీసుకోం" అన్నారు. వాడకుండా సానరాయి లోపం ఎలా బయటపడుతుంది? 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగి ఇవ్వనని అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. వస్తువు ధర 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. నేను 1915 దగ్గర ఫిర్యాదు పెట్టాను, అది నడుస్తోంది.

మరి ఏం కొనాలి? గంటు పడిన మామూలు స్టీలు కత్తులకైతే హార్డ్‌వేర్ షాపులో దొరికే నల్లటి కార్బొరండం (సిలికాన్ కార్బైడ్) రాయి చాలు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల చేతిలోకి తీసుకుని, స్కేలు పెట్టి చూసి కొనుక్కోవచ్చు. వడ్రంగులు ఉలులకు వాడేది అదే. దాని మీద నీళ్లు వాడితే ఎప్పుడూ నీళ్లే వాడండి, నూనె వాడితే నూనే. ఖరీదైన జపాన్ కత్తి ఉన్నవాళ్లు మాత్రం ప్రమాణం రాసి ఉన్న 1000 రాయి విడిగా కొనండి. రెండు వైపుల రాయి ఒకటి చవగ్గా వస్తోందని అటు వెళ్లొద్దు.

నేను కొన్నలాంటి సెట్ మీ ఇంట్లో ఇప్పటికే ఉండి, వెనక్కి ఇచ్చే దారి లేకపోతే పారేయక్కర్లేదు. తోటలో వాడే కొడవలికి, పారకి దాని గరుకు వైపు కాస్తోకూస్తో పనికొస్తుంది. దాని మీద ఒక్కసారైనా నూరిన వంటింటి కత్తి ఉంటే సబ్బుతో కడిగి, పాత గుడ్డతో వెనక నుంచి అంచువైపు తుడవండి. ఊడిన రేణువులు అంచుకి అంటుకుని ఉంటాయి, కడగకపోతే కూరలోకి వస్తాయి.