రోగి వైపు కార్డు: తొమ్మిది నెలలు వాడిన తర్వాత

సాయంత్రం దీపం పెట్టాక మా అవ్వ వక్కాకు సంచి ముడి వేసి పక్కన పెట్టి, "ఈ రోజు నాకు ఏ రోగం పాపా?" అని అడిగేది. జూన్ నుంచి మార్చి దాకా మా ఇంట్లో ఇదే వరస. బ్రిటన్ వైద్య కళాశాలల ఇంటర్వ్యూల కోసం డబ్బు కట్టి తీసుకున్న ఆన్‌లైన్ శిక్షణలో నా మనసుకు పట్టింది ఒక్కటే, అవ్వకు రోగి వేషం ఇచ్చిన ఆ కార్డు. వీడియో పాఠాలు, ప్రశ్నల పట్టిక, నెలకు రెండు నమూనా ఇంటర్వ్యూలు అన్నిచోట్లా ఉండేవే, వాటి జోలికి పోను. సంస్థ పేరు కూడా చెప్పను. వాళ్లతో నాకు ఒక తగవు ఉంది, అది తర్వాత చెబుతాను.

ఎం.ఎం.ఐ. (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ), అంటే చిన్న చిన్న ఇంటర్వ్యూలు వరసగా పెట్టే పద్ధతి, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మొదలై బ్రిటన్‌లో చాలా కళాశాలలకు పాకింది. అందులో మిమ్మల్ని ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి అరగంట ప్రశ్నించరు. ఒక్కో స్టేషన్‌కు ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు, గంట మోగితే తర్వాతి దానికి వెళ్లాలి. వాటిలో కనీసం ఒకటి నటుడితో ఉండటం మామూలే. మీకు ఒక చీటీ ఇస్తారు, నటుడి దగ్గర ఇంకో చీటీ ఉంటుంది, అది మీకు కనబడదు. నేను మెచ్చుకున్నది సరిగ్గా దీన్నే. ఈ శిక్షణలో రెండు చీటీలూ విడివిడిగా వస్తాయి. రోగి వైపు కార్డు ఇంట్లో ఇంకొకరి ఫోనుకు వెళ్తుంది. సాధన ముగిసే దాకా అది నా ఫోనులో తెరుచుకోదు. తెరవడానికి ప్రయత్నించాను, ఒప్పుకుంటున్నాను.

ఆ కార్డులో రోగి ఎవరు, ఏమయింది అన్నవి పైన రెండు వాక్యాలు. కింద "అడిగితేనే చెప్పాలి" అని ఒక గడి, "ఈ మాటంటే కోపం వస్తుంది" అని ఇంకో గడి. మొత్తం విలువ ఆ రెండు గడుల్లోనే ఉంది.

రోగి వేషం వేసేవాళ్లను వెతకడానికి వారం పట్టింది. నాన్న బ్యాంకు గుమాస్తా, రోజంతా జనంతో మాట్లాడి అలసిపోయి వస్తారు. నేను నోరు తెరవగానే "సరే డాక్టరుగారూ, మీరు ఎలా చెబితే అలా" అని నిమిషంలో తేల్చేసేవారు. తమ్ముడికి ఏ జబ్బు ఇచ్చినా చివరికి చచ్చిపోయేవాడు. అవ్వకు ఇంగ్లీషు రాదు. కాబట్టి అమ్మ కార్డు చదివి, వంటింట్లోకి తీసుకెళ్లి అవ్వ చెవిలో తెలుగులో చెప్పేది. మొదటి కార్డు పక్కింటివాళ్ల పిల్లిని పొరపాటున కారు కింద తొక్కించారు, వెళ్లి చెప్పండి అన్నది. ఇలాంటి ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవాళ్లందరికీ ఈ పిల్లి తెలుసు. అవ్వ ఏడవాలి. "పిల్లి పోతే ఎవరైనా ఏడుస్తారా?" అని నవ్వడం మొదలుపెట్టింది, ఐదు నిమిషాలూ నవ్వింది.

సెప్టెంబరులో ఒక రోజు వచ్చిన కార్డు వేరు. మణికట్టు విరిగిన పెద్దావిడ ఆసుపత్రిలో కట్టు వేయించుకోనంటోంది, ఆమెతో మాట్లాడండి. వంటింట్లో గుసగుసలు కాస్త ఎక్కువసేపే నడిచాయి. అవ్వ వచ్చి ఎడమ చేతిని కొంగులో చుట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"నమస్కారం అమ్మా, చెయ్యి ఎలా ఉంది?"

"నొప్పిగా ఉంది. పుత్తూరు పోతాను."

కార్డులో పుత్తూరు లేదు, పేరులేని నాటువైద్యం మాత్రమే ఉంది. అవ్వ దానికి ఊరు పేరు తగిలించింది. ఎముక విరిగితే ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టు గురించి మా వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు. తమిళనాడు నుంచి కూడా దాని కోసం వస్తారు. నేను అందుకున్నాను. ఎక్స్‌రే తీయకుండా కడితే ఎముక వంకరగా అతుక్కునే ప్రమాదం ఉందని, కట్టు మరీ బిగుతైతే వేళ్లకు రక్తం అందదని, వాపు తగ్గాక కట్టు సరిచూడాలని వరసగా చెప్పుకుంటూ పోయాను. అవ్వ గోడ గడియారం చూసింది. అలవాటుగా ఒక వక్క తీసి అడకత్తెరలో పెట్టి, చెయ్యి విరిగిందన్న సంగతి గుర్తొచ్చి మళ్లీ సంచిలో వేసింది. నేను ఆగలేదు. ఫోనులో గంట మోగింది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది. ఎలా చెప్పాను అవ్వా?"

"బాగా చెప్పావు, బడిలో చెప్పినట్టు. పుత్తూరు ఎందుకు పోతానంటున్నానో మాత్రం అడగలేదు."

అప్పుడు కార్డు తెరుచుకుంది. "అడిగితేనే చెప్పాలి" గడిలో ఉన్నది ఒకటే వాక్యం: ఇంట్లో మంచం పట్టిన భర్త ఉన్నాడు, ఈమె ఆసుపత్రిలో ఉండిపోతే చూసుకునేవారు లేరు. ఆమెకు నాటువైద్యం మీద గురి ఉందో లేదో కార్డు ఎక్కడా చెప్పలేదు. నేను ఐదు నిమిషాలు యుద్ధం చేసింది లేని శత్రువుతో. అవ్వ అంతటితో ఆగలేదు. నాన్న మూడేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు ఆమె బావి దగ్గర జారిపడి నిజంగానే చెయ్యి విరగ్గొట్టుకుందట. తాత ఊళ్లో లేరు. పిల్లవాడిని చంకనేసుకుని బస్సెక్కి పుత్తూరు వెళ్లి, కట్టు వేయించుకుని పొద్దు గుంకేలోగా ఇల్లు చేరిందట. "నమ్మకం గిమ్మకం కాదు పాపా, సాయంత్రానికి ఇంట్లో ఉండాలి, అంతే" అంది. ఆ చేత్తోనే ఇప్పటికీ రోట్లో పచ్చడి నూరుతుంది.

నమూనా ఇంటర్వ్యూల్లో నాకు మార్కులు వేసినవాళ్లెవరూ ఈ తప్పు ఇంత సూటిగా పట్టుకోలేదు. "ఆత్మవిశ్వాసంతో మాట్లాడారు, కళ్లలోకి చూస్తూ మాట్లాడండి" అన్న రెండు ముక్కలే తిప్పి తిప్పి రాసేవారు. అప్పటి నుంచి ఏ కార్డు వచ్చినా నా మొదటి ప్రశ్న "ఎందుకు?" అయింది. రెండోది, ఎదుటివాళ్లు ఊరుకుంటే నేనూ ఊరుకోవడం. ఈ రెండోది చాలా కష్టం. ఒకసారి పక్కన ఫోనులో టైము పెట్టి చూసుకుంటే, ఇరవై సెకన్ల మౌనం నాకు రెండు నిమిషాలు అనిపించింది.

ఒక్క కార్డు మాత్రం అవ్వ దాకా వెళ్లలేదు. పదిహేనేళ్ల అమ్మాయి ఇంట్లో చెప్పవద్దని అడుగుతూ గర్భనిరోధక మాత్రల కోసం వస్తుంది. అమ్మ అది అవ్వకు చెప్పనంటే చెప్పనంది, తనే ఆ అమ్మాయి వేషం వేసింది. ఇంగ్లండులో పదహారేళ్లలోపు వాళ్లయినా విషయం పూర్తిగా అర్థం చేసుకోగలిగితే తల్లిదండ్రుల అనుమతి లేకుండా చికిత్సకు ఒప్పుకోవచ్చు. అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1985లో గిల్లిక్ కేసులో ఇచ్చిన తీర్పు అది. నేను ఆ సంగతి చెప్పి, మీ అమ్మకు చెప్పను అని హామీ ఇచ్చేసరికి వేషంలో ఉన్న అమ్మాయి మాయమై మా అమ్మ లేచి నిలబడింది. "ఎందుకు చెప్పవు? నాకు చెప్పకుండా ఎలా ఇస్తావు?" అని అరగంట వాదించింది. ఆ అరగంట ఏ పాఠంలోనూ దొరకదు. అయితే కార్డు అడిగిన సాధన మాత్రం ఆ రోజు జరగలేదు.

ఇక తగవు సంగతి. అక్టోబరు 15న దరఖాస్తుల గడువు ముగిసింది, అక్కడి సాయంత్రం 6 అంటే మనకు రాత్రి పదిన్నర. ఆ నాలుగున్నర గంటల తేడా నా తలలో మేకు కొట్టినట్టు నిలిచిపోయింది. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు తేడా ఐదున్నర గంటలు. ఆ సోమవారానికి నా నమూనా ఇంటర్వ్యూ. శిక్షణ సంస్థ పట్టికలో భారత సమయం రాత్రి 9.30 అనే ఉంది. తిరుపతిలో కపిలతీర్థం రోడ్డు మీద మా ఇల్లు, అలిపిరి వైపు వెళ్లే వాహనాల మోత, గోవింద నామాలు లోపలికి రాకుండా కిటికీకి దుప్పటి కట్టి కూర్చున్నాను. పదింటి దాకా ఎవరూ రాలేదు. ఫిర్యాదు రాసి, ఏడుపు ముఖంతో పడుకున్నాను. పరీక్షకుడు పదిన్నరకు వచ్చి, నేను లేనని నమోదు చేసి వెళ్లిపోయాడు. ఇంటర్వ్యూ వాడుకున్నట్టే లెక్క అన్నారు. పట్టిక మీది, గడియారం మీది, అందులో నా తప్పేమిటి అని మూడు లేఖలు రాశాను. మూడింటికీ ఒకే జవాబు, అక్షరం మారలేదు.

రెండో నెలలో నేను స్నేహితురాళ్లకు "కళ్లు మూసుకుని కొనండి" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సర్దుకోవాలి. రోగి వైపు ఉన్న కార్డులు మొత్తం నలభై. డిసెంబరుకల్లా అవ్వకు సగం కంఠతా వచ్చాయి. అంతకన్నా పెద్ద లోటు భాషది. అవ్వ ముందు "అయ్యో" అంటే చాలు, ఆ ఒక్క ముక్కలో ఓదార్పు, ఆశ్చర్యం, తోడు అన్నీ వెళ్తాయి. ఇంగ్లీషులో దానికి బదులు నేను నేర్చుకున్న వాక్యం నా నోట్లో రైల్వే స్టేషన్ ప్రకటనలా వచ్చేది. అసలు ఇంటర్వ్యూలో నటుడు మౌనంగా ఉన్నప్పుడు నేనూ ఊరుకోగలిగాను, అది అవ్వ చలవ. మౌనం తర్వాత చెప్పాల్సిన మాట దగ్గర తడబడ్డాను. ఇంగ్లీషులో బదులిచ్చే మనిషి వారానికి ఒక్కసారైనా దొరికి ఉంటే బాగుండేది. అది కార్డు తప్పు కాదు. కానీ ధర చెల్లించేది కార్డుకే కదా.

ఇంకో సంగతి కూడా గుచ్చుకుంటూనే ఉంది. పుత్తూరు సంగతిని నేను ఒక నమూనా ఇంటర్వ్యూలో చెబితే, మార్కులు వేసినావిడ "స్థానిక ఉదాహరణలు తగ్గించి బ్రిటన్ ఉదాహరణలు వాడండి" అని రాసింది. బుద్ధిగా మార్చుకున్నాను. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్.హెచ్.ఎస్. 1948 జులై 5న మొదలైందని, దాని విలువలు ఆరని అప్పజెప్పడం నేర్చుకున్నాను. నాలుగు కళాశాలలకు దరఖాస్తు చేస్తే రెండు పిలిచాయి. ప్రశ్నలు బయట చెప్పవద్దని రెండు చోట్లా మాట తీసుకున్నారు. రెండోదానిలో మా ఊరి వైద్యం గురించి మాట్లాడాల్సి వచ్చిందని మాత్రం చెప్పగలను. రుయా, స్విమ్స్, ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉన్న ఊళ్లో పుట్టి, 108 వాహనాలు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చూస్తూ పెరిగి, నోట మాట రాక నిలబడ్డాను. అక్కడ సీటు రాలేదు. కారణం అదేనని రుజువు లేదు, గ్రాఫు చదవమన్న స్టేషన్ కూడా నేను సరిగా చేయలేదు. మొదటి కళాశాల మాత్రం పన్నెండో తరగతి మార్కుల షరతు మీద సీటు ఇస్తామంది. ఇంగ్లండులో అంతర్జాతీయ విద్యార్థులకు వైద్య సీట్లలో దక్కేది సుమారు ఏడున్నర శాతం. అందుకే ఆ ఉత్తరాన్ని నాన్న పూజగదిలో పెట్టారు. ఫీజు లెక్కలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. తిరిగొచ్చి ఇక్కడ వైద్యం చేయాలంటే ముందే నీట్‌లో అర్హత ఉండాలి కాబట్టి ఆ పుస్తకాలూ అదే బల్ల మీద ఉన్నాయి.

కొనాలా వద్దా అంటే నా పరిస్థితి బట్టి చెప్పగలను. మాకు ఆరు నెలలకు 28 వేలు, మరో మూడు నెలలకు 12 వేలు అయింది. జూన్‌లోనే తీసుకోవడం నా తొందరపాటు. బ్రిటన్ వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష యూక్యాట్ అయ్యాక అక్టోబరులో తీసుకుంటే ఆ 28 వేలతోనే పోయేది. ఇంట్లో వేషం వేయడానికి ఓపికున్న మనిషి, కార్డు చదివి చెప్పడానికి ఇంకో మనిషి ఉంటేనే ఇది పనికొస్తుంది. హాస్టల్లో ఒంటరిగా ఉండేవాళ్లకు అందులో మిగిలేది ప్రశ్నల పట్టికే. సమయాలు మాత్రం ప్రతిసారీ మీరే లెక్కకట్టుకోండి.

గడువు ముగియగానే కార్డులన్నీ ఖాతాతో పాటు పోయాయి, దాచుకునే వీలు ఇవ్వలేదు. అమ్మ గుర్తున్నవి పదకొండు క్యాలెండరు కాగితాల వెనక రాసి పెట్టింది. చిత్తూరులో మా పిన్ని కొడుకు ఇదే దారి పట్టాడు, ఆదివారాలు బస్సెక్కి వస్తానంటున్నాడు. అవ్వ సరేనంది. పిల్లి కాగితం మాత్రం వాడికి ఇవ్వవద్దని చెప్పింది.