ఎస్పీ రోడ్డు పాత ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్? మింట్, జోరిన్, ఉబుంటు

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ అడుగుతుంది. అందుకే బెంగళూరులో కంప్యూటర్ల బజారైన ఎస్పీ రోడ్డులో ఆరో, ఏడో తరం లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు తక్కువ ధరకే దొరుకుతాయి. విండోస్‌కి బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్; మింట్, జోరిన్, ఉబుంటు, ఫెడోరా దాని రకాలు. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే లినక్స్‌కి అవి చాలు, ఇంకా మిగులు కూడా. డబ్బులిచ్చే ముందు మాత్రం బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సొంత సెట్టింగ్స్) తెరిపించి చూడండి. థింక్‌ప్యాడ్‌లో ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కాలి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషీన్ వదిలేయండి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి పెట్టినంత మాత్రాన ఆ పాస్‌వర్డ్ పోదు, అది ఉన్నంతకాలం సెట్టింగ్స్ మీ చేతికి రావు.

కొత్తగా వచ్చేవాళ్లకు మా ఓటు లినక్స్ మింట్ 22 సినమన్‌కే (సినమన్ అంటే దాని డెస్క్‌టాప్ రూపం). కింద టాస్క్‌బార్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం: విండోస్ 7 వాడిన చేతికి ఏదీ వెతుక్కునే పని ఉండదు. 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ఇన్‌స్టాల్ కాగానే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఒక స్నాప్‌షాట్ (అప్పటి సిస్టమ్ నకలు) తీసి పెట్టుకోండి. అప్‌డేట్ బెడిసికొడితే వెనక్కి వెళ్లడానికి అదే దారి. కానీ అది కాపాడేది సిస్టమ్‌ని; మీ హోమ్ ఫోల్డర్‌లోని ఫొటోలు, ఫైళ్లు మామూలుగా అందులోకి రావు. వాటికి వేరే డిస్క్ ఉండాల్సిందే. ర్యామ్ 4 జీబీయే అయితే తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. అయినా క్రోమ్‌లో పాతిక ట్యాబులు తెరిస్తే ఏ ఎడిషనూ కాపాడలేదు.

జోరిన్ ఓఎస్ 18 చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కోర్ ఎడిషన్ ఉచితం, ప్రోకి డబ్బు కట్టాలి. ప్రోలో అదనంగా వచ్చేవి ఎక్కువగా డెస్క్‌టాప్ రూపాలు, ముందే వేసి ఉన్న సాఫ్ట్‌వేర్లు. కోర్ చాలు. విండోస్ ప్రోగ్రామ్ అయిన ఈఎక్స్ఈ ఫైల్ నొక్కితే దానికి బదులు ఏది వాడొచ్చో చెప్పడం మంచి ఆలోచన. ఇంట్లో పెద్దవాళ్లకి ఇచ్చే మెషీన్‌కైతే ఇదే నయం. ఉబుంటు 24.04 గట్టిదే, కానీ దాని డెస్క్‌టాప్ గ్నోమ్ తీరు వేరు: యాప్‌ల పట్టీ (డాక్) ఎడమ పక్క నిలువుగా ఉంటుంది, కింద టాస్క్‌బార్ ఉండదు. ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వస్తుంది, పాత హార్డ్ డిస్క్ మీద మొదటిసారి తెరుచుకోవడానికి బాగా సతాయిస్తుంది. ఫెడోరా మంచిదే గానీ ఒక్కో వెర్షన్‌కి అప్‌డేట్లు సుమారు 13 నెలలే. మొదటి మెషీన్‌కి వద్దు.

ఇన్‌స్టాలేషన్‌కి 8 జీబీ పెన్‌డ్రైవ్, దాన్ని బూట్ అయ్యేలా తయారుచేసే రూఫస్ ప్రోగ్రామ్ చాలు. బూట్ మెనూ కోసం లెనోవో, డెల్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించకపోతే బయాస్‌లో స్టోరేజ్ రెయిడ్ మోడ్‌లో ఉందేమో చూసి ఏహెచ్‌సీఐకి మార్చండి. విండోస్‌ని కూడా ఉంచుకుంటే ఈ మార్పుతో అది బూట్ కాకపోవచ్చు, కాబట్టి ముందు దాన్ని సేఫ్ మోడ్‌కి సెట్ చేసుకోవాలి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి.

వైఫై రాకపోతే తప్పు తరచుగా బ్రాడ్‌కామ్ చిప్‌ది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి, డ్రైవర్ మేనేజర్‌లో బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఎంచుకుంటే సరిపోతుంది. బయాస్‌లోని సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వచ్చి ఏదో ఒక కీ నొక్కమని 10 సెకన్లే ఆగుతుంది. చాలామంది దాన్ని చూస్తూ వదిలేసి, తర్వాత డ్రైవర్ పనిచేయట్లేదంటారు. కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే, కంటిన్యూ, యస్, పెట్టుకున్న పాస్‌వర్డ్, రీబూట్: ఇదీ వరస. ఎన్‌విడియా కార్డుకీ ఇదే తంతు.

తెలుగు టైపింగ్‌కి సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, ఒకసారి లాగౌట్ అయి రండి. లాగౌట్ కాకపోతే జాబితాలో తెలుగు పద్ధతులు కనపడవు, ఇక్కడే సగంమంది ఆగిపోతారు. ఉబుంటు, జోరిన్‌లలో కీబోర్డ్ సెట్టింగ్స్, ఇన్‌పుట్ సోర్సెస్‌కి వెళ్లాలి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే లేఖిని అలవాటున్నవాళ్లు ఆర్‌టీఎస్ ఎంచుకోవచ్చు, ఇన్‌స్క్రిప్ట్ వాళ్లకి ఇన్‌స్క్రిప్ట్ ఉంది. గౌతమి ఫాంట్‌తో చేసిన పాత వర్డ్ ఫైళ్లు వేరే ఫాంట్‌లో తెరుచుకుని పేజీలు కిందామీదా అవుతాయి. అను ఫాంట్లలో కొట్టిన పెళ్లిపత్రికలు, పేజ్‌మేకర్ ఫైళ్ల సంగతి ఇంకో రకం: అవి యూనికోడ్ కావు, ఫాంట్ లేని మెషీన్‌లో తెలుగు బదులు పిచ్చి గీతలే కనిపిస్తాయి. మార్చేముందే పీడీఎఫ్ చేసి ఉంచుకోండి.

ప్రింటర్లలో హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, పీ1007 రకాలకు హెచ్‌పీ లినక్స్ డ్రైవర్ హెచ్‌పీలిప్‌తో పాటు దాని ప్లగిన్ కూడా దించాలి, లేకపోతే జాబ్ వెళ్లినట్టే ఉండి కాగితం కదలదు. కేనన్ ఎల్‌బీపీ2900 ఉన్నవాళ్లు మాత్రం ఇన్‌స్టాల్ చేయకముందే, పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి (లైవ్) పరీక్షించుకోండి. దానికి లినక్స్ డ్రైవర్ పాతది, సతాయింపు ఎక్కువ.

లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీప్రైమ్ విండోస్‌కే తయారైంది. లెక్కల ఆఫీసు మెషీన్ జోలికి పోవద్దు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవాళ్లూ మీ టోకెన్‌కి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో చూశాకే విండోస్ తీసేయండి. ఆన్‌లైన్ పరీక్షలకు వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లినక్స్‌కి లేదు, వర్చువల్ మెషీన్‌లో (లినక్స్ లోపలే విండోస్ పెట్టి) నడపబోతే పట్టేస్తుంది. కాలేజీ పరీక్షలు దాని మీదుంటే డ్యూయల్ బూట్ (విండోస్, లినక్స్ రెండూ) పెట్టుకుని, డిస్కులో విండోస్‌కి కనీసం 80 జీబీ వదలండి.