పత్తి కాటాలకు పైథాన్ సాకెట్ టైమౌట్: కొన్ని సీజన్లు వాడాక

ఆదోనిలో మా జిన్నింగ్ మిల్లుకు ఎమ్మిగనూరు, కోడుమూరు వైపు కొనుగోలు యార్డులున్నాయి. అక్కడి కాటాల తూకం వీపీఎన్ (ఇంటర్నెట్ మీద ప్రైవేటు దారి) మీదుగా ఆఫీసుకు తెచ్చేది ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు. కాటాలను వరసగా ఒక్కొక్కటే అడుగుతుంది.

పైథాన్ సాకెట్‌కు (నెట్‌వర్క్‌లో ఇంకో యంత్రంతో మాట్లాడే కొస) మామూలుగా టైమౌట్, అంటే జవాబు కోసం ఆగే గడువు, ఉండదు. మనం ఏమీ చెప్పకపోతే ఎంతసేపు ఆగాలో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్సే తేల్చుకుంటుంది. యార్డులో కరెంటు పోయి జవాబే రాకపోతే మా సర్వర్ కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) సిన్ ప్యాకెట్‌ను, అంటే కనెక్షన్ అడిగే మొదటి సందేశాన్ని, మళ్లీ మళ్లీ 6 సార్లు పంపి, 127 సెకన్లకు గానీ చేతులెత్తేయదు. అంతసేపూ మిగతా యార్డుల్లో కూడా బండ్లు కాటా మీదే. గుమాస్తా తినే తిట్లు వేరే చెప్పాలా!

కనెక్షన్ తెరిచే క్రియేట్ కనెక్షన్ ఫంక్షన్‌కు టైమౌట్ 3 సెకన్లు ఇస్తే ఈ బాధ పోయింది. ఇంతవరకు ఐదుకు ఐదు మార్కులు.

చిక్కు తర్వాత మొదలవుతుంది. ఆ 3 సెకన్లు సాకెట్‌కు అంటుకునే ఉంటాయి, డేటా చదివేటప్పుడూ అవే వర్తిస్తాయి. లోడు బండి ఊగుతుంటే మా కాటా అంకె కుదురుకునేదాకా బరువు పంపదు, దానికి 3 చాలవు. అందుకే కనెక్ట్ కాగానే సెట్‌టైమౌట్‌తో 15కు మారుస్తాం.

ఇంకో తలనొప్పి: ఆ 15 మొత్తం పనికి కాదు, ఒక్కో రిసీవ్‌కు (డేటా చదివే ఒక్కో పిలుపుకు). కాటా పాడై అరకొర అక్షరాలు రాలుస్తూ ఉంటే టైమౌట్ ఎప్పటికీ రాదు. టైమ్ మాడ్యూల్‌లోని మోనోటోనిక్ (వెనక్కి తిరగని) గడియారంతో గడువు మనమే లెక్క కట్టుకోవాలి. ఇంత ప్రాచుర్యమున్న భాషలో ఈ పని మన నెత్తిన పెట్టడం నాకు నచ్చలేదు, ఇక్కడ ఒక మార్కు కోత.

పేరును ఐపీ అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ వెతుకులాటకు ఈ టైమౌట్ అసలు పట్టదు. పైగా ఒక పేరుకు రెండు అడ్రసులుంటే రెంటికీ విడివిడిగా 3 సెకన్లు. మేం నేరుగా ఐపీయే రాసుకున్నాం.

కొత్త సాకెట్లన్నిటికీ ఒకే గడువు పెట్టే సెట్‌డిఫాల్ట్‌టైమౌట్ జోలికి మాత్రం వెళ్లకండి. అదే ప్రోగ్రాంలో మెయిల్ పంపే సాకెట్‌ను కూడా అది పట్టుకుంటుంది.

పైథాన్ 3.10 వెర్షన్ నుంచి సాకెట్ టైమౌట్, టైమౌట్‌ఎర్రర్ రెండూ ఒకటే ఎక్సెప్షన్ (ప్రోగ్రాం లేవనెత్తే లోపం). యార్డుల్లో పాత పైథాన్ ఉన్న కంప్యూటర్లుంటే సాకెట్ టైమౌట్ అనే పాత పేరుతోనే పట్టుకోండి, రెండు చోట్లా నడుస్తుంది.