గాలం దారం పెట్టె: నీటిని ఆపుతుంది, ఎండను ఆపదు

తిరుపతిలో గాలం సామాన్లు అమ్మే ఒక చిన్న దుకాణంలో ఈ ప్లాస్టిక్ పెట్టె 550 రూపాయలకు దొరికింది. పేరున్న కంపెనీది కాదు. లోపల అడ్డంగా ఒక కడ్డీ, దానికి ఐదు దారపు కండెలు గుచ్చుకోవచ్చు. ముందువైపు ఐదు రంధ్రాలు, ఒక్కోదానికి రబ్బరు బిరడా. కావలసిన దారం కొస పట్టి లాగితే ఆ కండె ఒక్కటే తిరుగుతుంది, పక్కది కదలదు. చేపలు ఎగిరిపడే వేళకు గట్టు మీద చిక్కులు విప్పుకుంటూ కూర్చున్నవారికి ఈ సుఖం విలువ తెలుస్తుంది. ఇంతవరకు పూర్తి మార్కులు.

దుకాణదారు మాత్రం దీన్ని వేరే గుణానికి పొగిడాడు. "మూత అంచున రబ్బరు పట్టీ ఉందన్నా, బకెట్‌లో ముంచినా చుక్క నీరు పోదు. దారం ఏళ్ల తరబడి చెక్కుచెదరదు" అన్నాడు. మొదటి మాట నిజమే, ముంచి చూశాను. రెండో మాటతోనే నాకు పేచీ.

నా గాలం దారం నైలాన్‌ది. నైలాన్ నీటిని పీల్చుకుంటుంది, తడిసినప్పుడు కొంత బలం తగ్గుతుంది. నీడలో ఆరితే ఆ బలం చాలావరకు తిరిగొస్తుంది. ఎండ తినేసిన బలం తిరిగి రాదు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు నైలాన్ అణువుల గొలుసులను తెంపుతాయి. వేడి తోడైతే ఆ పని మరింత త్వరగా సాగుతుంది. ఈ పెట్టె చూస్తే అద్దంలా పారదర్శకం. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో నీటిని అడ్డుకుని ఎండకు తలుపు తీసిపెడితే ఏం లాభం?

ఒకే కండెలోని 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారాన్ని రెండు భాగాలు చేశాను. ఒకటి ఈ పెట్టెలో పెట్టి మిద్దె మీది గది కిటికీలో, మరొకటి బీరువా అడుగు అరలో ఉంచి, వేసవి గడిచాక తీశాను. కిటికీలోది మెరుపు పోయి తెల్లబారింది, వేళ్ల మధ్య జారిస్తే గరుకుగా తగిలింది. రెండింటికీ ఒకే రకం ముడి వేసి, ఎంగిలితో తడిపి బిగించి, బకెట్ వేలాడదీసి చెంబుతో నీళ్లు పోస్తూ వెళ్లాను. లీటరు నీరు కిలో బరువు కనుక లెక్క సులువు. కిటికీ దారం సగం బకెట్ నిండకముందే ముడి దగ్గర పుటుక్కున తెగింది. బీరువా దారం ఆ పైన ఇంకా మూడు చెంబులు మోసింది. పిచ్చాటూరు ఆరణియార్ జలాశయంలో పెద్ద బొచ్చె గాలానికి తగిలి గుంజితే, ఆ మూడు చెంబుల తేడాయే చేప చేతికి వచ్చేదీ రానిదీ తేలుస్తుంది.

పెట్టెతో ఇచ్చిన తేమ పీల్చే గుళికల పొట్లం దారం కంటే కొక్కేలకే ఎక్కువ మేలు, తుప్పు పట్టనివ్వదు. నైలాన్ మరీ ఎండిపోయినా పెళుసెక్కుతుంది. అలాగని తడి దారాన్ని లోపల పెట్టి మూత బిగించకండి. రబ్బరు పట్టీ బయటి తేమను రానివ్వనట్టే లోపలి తేమనూ పోనివ్వదు.

ఇప్పుడు పెట్టెకు నాలుగు వైపులా, మూతకూ నల్ల చార్టు కాగితం అంటించి బీరువా కింది అరలో పెట్టాను. అటక మీద మాత్రం వద్దు, స్లాబు వేడి నేరుగా తగిలేది అక్కడే. మధ్యాహ్నపు ఎండలో ఆపిన బండి డిక్కీ అంతకన్నా ఘోరం.

బ్రెయిడ్ దారం (సన్నని పాలిథీన్ పోగులను జడలా అల్లినది), ఫ్లోరోకార్బన్ దారం (నైలాన్‌లా ఒంటి పోగే, వేరే రకం ప్లాస్టిక్) వాడేవారికి దీని అవసరం అంతగా లేదు. రెండూ నీరు పీల్చవు, ఎండకు నైలాన్ కంటే బాగా ఓర్చుకుంటాయి. కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె చాలు.

ఇంకో లోపం, ఇందులో చిన్న కండెలే పడతాయి. చిన్న కండెకు బిగించి చుట్టిన నైలాన్ అదే వంపు పట్టేసి, విసిరినప్పుడు స్ప్రింగులా ముడుచుకుంటుంది. కండె పెద్దదైతే ఆ బాధ తగ్గుతుంది. పెద్ద కండెలు పట్టేలా, నల్ల ప్లాస్టిక్‌తో ఇదే పెట్టె వస్తే వంద రూపాయలు ఎక్కువైనా కొంటానని దుకాణదారుకు చెప్పి వచ్చాను. అంతవరకు నైలాన్ వాడేవారు దీన్ని కొనవచ్చు, చార్టు కాగితం ఖర్చు కూడా కలుపుకుని.