ఎం1 మాక్‌బుక్ ఎయిర్ ఆగిపోయింది, మరి ఇప్పుడు ఏది కొనాలి?

ఎం1 ఎయిర్ (ఆపిల్ సొంత చిప్ ఎం1తో నడిచే లాప్‌టాప్) కొనాలా అని అడిగిన ప్రతివాళ్ళకీ ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని తీసుకోమన్నాను, ఇప్పుడు మాత్రం వద్దంటున్నాను. ఆపిల్ 2024 మార్చిలో ఎం3 ఎయిర్ తెచ్చినప్పుడే దీన్ని తన అమ్మకాల్లోంచి తీసేసింది. తర్వాత కూడా మన దగ్గర ఆన్‌లైన్లో మిగిలిన స్టాకు పండగ ఆఫర్లలో అరవై వేల లోపుకే దొరికేసరికి, అది ఆగిపోయిన సంగతే చాలామందికి తెలియలేదు. 2020 నవంబరులో వచ్చినప్పుడు దాని ధర 92,900 రూపాయలు.

నాది అమలాపురం చుట్టుపక్కల పెళ్ళి ఫొటోల పని. ముహూర్తాల సీజన్ వచ్చిందంటే పగలు మండపంలో, రాత్రి ఫొటోల ముందు. ఈ లాప్‌టాప్ ఎంత పని చేసిందో చెప్పాలంటే ముందు కరెంటు గురించి చెప్పాలి. గాలివాన వస్తే మా ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, డెస్క్‌టాప్ మీద పని చేసేటప్పుడు ఇన్వర్టర్ కుయ్యిమంటే గుండె జారిపోయేది. ఎం1 వచ్చాక ఆ టెన్షన్ పోయింది. ఫొటోలు ఏరడం, రంగులు సరిచేయడం, ఇవన్నీ ఛార్జర్ పెట్టకుండానే తెల్లారేదాకా చేసుకున్న రాత్రులున్నాయి. ఛార్జర్ కూడా 30 వాట్లదే, ఇన్వర్టర్‌కి అదొక లెక్కే కాదు.

ఇందులో ఫ్యాన్ లేదు, మా ప్రాంతంలో దాని విలువ వేరు. మా ఇల్లు వరిచేల పక్కనే, పచ్చదీపపు పురుగులు లేచే రోజుల్లో సాయంత్రం లైటు వేస్తే గోడంతా అవే. పాత లాప్‌టాప్ విప్పినప్పుడల్లా ఫ్యాన్ రెక్కల మధ్య ఆ పురుగులు ఎండిపోయి, దుమ్ముతో కలిసి నల్లటి ముద్దలా అంటుకుపోయి ఉండేవి, ఇక ఎండాకాలంలో అది వేడెక్కి ఆగిపోవడం మామూలే. ఎం1లో పురుగుల్ని లోపలికి లాక్కునే ఫ్యానే లేదు. కాకపోతే మే నెల ఎండల్లో పెద్ద ఎక్స్‌పోర్ట్ (సరిచేసిన ఫొటోలన్నీ ఒకేసారి ఫైళ్ళుగా తీయడం) పెడితే అడుగు బాగా కాలుతుంది, వేడి తగ్గించుకోవడానికి తనంతట తనే నెమ్మదిస్తుంది. అది నాకెప్పుడూ పెద్ద ఇబ్బంది అనిపించలేదు.

ఇబ్బందల్లా 8 జీబీ మెమరీతోనే. మొదటి రెండేళ్ళూ పట్టలేదు. కెమెరా మారి ఫైళ్ళు పెద్దవయ్యాక, ఆల్బమ్ పేజీ ఫొటోషాప్‌లో తెరిచి పక్కన ఫొటోలు సరిచేసే లైట్‌రూమ్, బ్రౌజర్ కూడా ఉంచితే ఆగమని చెప్పే రంగుల చక్రం తిరుగుతూనే ఉంటుంది. మెమరీ చాలనప్పుడు అది స్టోరేజీని వాడుకుంటుంది, ఆ స్టోరేజీ 256 జీబీయే. పైగా రెండూ బోర్డుకే అతికించి ఉంటాయి, తర్వాత పెంచుకునే దారి లేదు. అందుకే ఎవరైనా షాపువాళ్ళు మిగిలిన ఎం1ని చవకగా ఇస్తామంటే, ఇంకా ఏళ్ళ తరబడి వాడదామనుకునేవాళ్ళు ఆగండి. ఎం2 ఎయిర్‌లో కూడా పాత స్టాకు 8 జీబీది ఉండొచ్చు, డబ్బా మీద చూసుకోండి. 2024 అక్టోబరు చివర్లో ఆపిల్ ధర పెంచకుండానే ఎం2, ఎం3 ఎయిర్‌లని 16 జీబీకి మార్చింది.

నా లెక్కలో ఎం1కి అసలు వారసుడు 2025 మార్చిలో వచ్చిన ఎం4 ఎయిర్. 16 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజీతో 99,900కి దిగింది, నేను తీసుకున్నదీ అదే. అదే ఆల్బమ్, అవే ఫైళ్ళు, రంగుల చక్రం కనపడితే ఒట్టు. ఛార్జింగ్ వైరు అయస్కాంతంతో అంటుకునే రకం కావడం మా పనికి వరం, మండపంలో పిల్లలు పరిగెడుతూ వైరు తన్నినా వైరు ఊడుతుంది గానీ లాప్‌టాప్ కింద పడదు. మూత తెరిచే ఉంచి రెండు మానిటర్లు కలుపుకోవచ్చు, ఎం1కి ఒక్కటే. ముందుకి వచ్చేసరికి పలచబడే ఎం1 ఆకారం మాత్రం పోయింది, టైపు చేసేటప్పుడు మణికట్టుకి అదే హాయిగా ఉండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నన్ను నిజంగా బాధపెట్టేది ధర. అరవై వేలకి ఎం1 దొరికినన్నాళ్ళూ కొత్తగా స్టూడియో పెట్టుకునే కుర్రాళ్ళు ధైర్యం చేసేవాళ్ళు. "అన్నయ్యా, లక్షంటే కెమెరా కొనుక్కోలేనుగా" అని మొన్న ఒక తమ్ముడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ముందు కెమెరానే కొనుక్కో అన్నాను.

ఇప్పటికే ఎం1 ఉన్నవాళ్ళు కంగారు పడి అమ్మేయకండి. 2025లో వచ్చిన ఆపిల్ ఆపరేటింగ్ సిస్టమ్ మాక్ ఓఎస్ టాహో కూడా దీని మీద నడుస్తోంది. విడిభాగాలు ఆపిల్ అమ్మడం ఆపిన దగ్గర్నుంచి కనీసం ఐదేళ్ళు దొరుకుతాయి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ సామర్థ్యం చూసుకుని, 80 శాతం కిందికి వచ్చాక మార్పించుకోండి, అదీ అధికారిక సర్వీస్‌లోనే. మా ఫ్రెండు ఒకడు ఖర్చు తగ్గుతుందని బయట షాపులో వేయించాడు, కొన్నాళ్ళకి ట్రాక్‌ప్యాడ్ నొక్కుడు పడటం మానేసింది. విప్పి చూస్తే కింద బ్యాటరీ ఉబ్బి పైకి తోస్తోంది. అలా ట్రాక్‌ప్యాడ్ గట్టిపడిందంటే వెంటనే వాడటం ఆపేసి సర్వీస్‌కి ఇచ్చేయండి, ఛార్జింగ్ మాత్రం పెట్టకండి.